నాలుగువందల తొంభై ఏడో రోజు

కొత్త సాఫ్ట్‌వేర్ వెంట వచ్చే కాగితాల్లో
చివరి అధ్యాయం నేను మొదట చదువుతాను.
"తెలిసిన పరిమితులు, ఉపాయాలు."
కంపెనీ గొంతు తగ్గించి నిజం మాట్లాడే చోటు అదొక్కటే.

ఇరవై నాలుగో పోర్టులో తీగ పీకేసినా
పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. దాన్ని నమ్మకండి.
పేరు ముప్పై రెండు అక్షరాలు దాటితే
మిగిలింది చప్పుడు చేయకుండా మింగేస్తుంది.
పొట్టి పేరు పెట్టుకోండి.
నాలుగువందల తొంభై ఏడు రోజులు ఆపకుండా నడిస్తే
లోపలి గడియారం
పొయ్యి మీద మరిచిన పాలలా పొంగి పొర్లుతుంది.
ఆ తర్వాత స్విచ్ ఎవరి కబురూ ఎవరికీ మొయ్యదు.
ఆలోపే ఒకసారి ఆర్పి, మళ్ళీ వెలిగించండి.
సవరణ: ప్రస్తుతానికి ఉద్దేశం లేదు.

ఆ "ప్రస్తుతానికి" ఇప్పుడు పదకొండేళ్ళు.

తోర్స్‌హవ్న్ నుంచి సుదురోయ్ దీవికి ఫెర్రీలో రెండు గంటలు.
చేపల ఫ్యాక్టరీ మేడ మీద
రబ్బరు బూట్లు ఆరేసే గదిలో, గోడకి బిగించి ఉంది అది.
ఉప్పుగాలికి స్క్రూల తలలు అరిగిపోయాయి.
పెట్టె మూత లోపల హోగ్ని దస్తూరీ.
రిటైరయ్యేదాకా ఏటా జులైలో, ఫ్యాక్టరీ సెలవు ముందు రోజు,
వచ్చి రాసి వెళ్ళిన తేదీలు, పక్కన ఒక్కో మాట:
"వాన." "వాన." "ఫెర్రీ రద్దు, రెండు రాత్రులు ఇక్కడే."
"కాఫీ మారింది." "వాన."
ఒక ఏడు మాత్రం తేదీ లేదు.
అక్కడ నొక్కి రాసిన గీత, దాని కింద:
"నేను రాలేదు. తప్పు నాదే."

ఆ ఏడు సంగతి సున్వాని అడిగాను.
రాత్రి షిఫ్టు ఆమెదే, అప్పుడూ ఇప్పుడూ.
"నవంబరు. తెల్లవారుజాము మూడు.
తెర మీద శీతల గది అంకె: మైనస్ ఇరవై నాలుగు.
గంట తర్వాత చూసినా మైనస్ ఇరవై నాలుగే.
అంత నిలకడగా ఉన్న అంకెని ఎవరు అనుమానిస్తారు?
కంప్రెసర్‌కి కబురు అందడం లేదని
తొమ్మిది టన్నుల కాడ్ మెత్తబడ్డాక తెలిసింది."

బూటులోంచి నీళ్ళు వంపింది.

"అంతకుముందు మేలో దీవంతా కరెంటు పోయింది, ఆరుగంటలు.
హోగ్ని రేడియోలో విన్నాడు.
స్విచ్ ఎలాగూ ఆగి లేచి ఉంటుంది,
ఈ ఏటికి పని అయిపోయిందనుకున్నాడు.
లెక్క సరైనదే.
కానీ ఆ శీతాకాలమే నేను దానికి బ్యాటరీ పెట్టించాను.
మంచి చేద్దామనే. ఎవరికీ చెప్పలేదు.
ఆ ఆరుగంటలూ అది చీకట్లో ఒక్కతే మెలకువగా ఉంది."

"మరి ఆయనకి చెప్పావా?"

"ఫెర్రీ అయిదింటికి. నీ పని కానీ."

ఆర్పాను.
కింద తూకం యంత్రాలు నిలిచిపోయాయి,
లేబుళ్ళు సగం అచ్చై ఆగాయి,
ఎవరో ఈల వేయబోయి మానేశారు.
నాలుగు నిమిషాలు.
సున్వా గోడ గడియారం వైపు చూడలేదు, మూత వైపు చూసింది.

తర్వాత దీపాలు ఒక్కొక్కటే, ఒళ్ళు విరుచుకున్నట్టు.
తెర మీద
సున్నా రోజులు, సున్నా గంటలు, పదిహేడు సెకన్లు.
ఇరవై నాలుగో పోర్టు అందరికంటే ముందే పచ్చగా,
అందులో తీగే లేదు.

తేదీ వేశాను. పక్కన ఏం రాయాలో తోచక
"గాలి" అని రాశాను.
మూత బిగించబోతుంటే సున్వా పెన్ను అడిగింది.
హోగ్ని గీత దగ్గర వంగి చాలాసేపు నిలబడింది.
ఏం రాసిందో నేను చూడలేదు.
కింద పడ్డ స్క్రూ ఒకటి
బూట్ల మధ్య వెతుక్కుంటూ ఉన్నాను.